పక్క పిన్నులు కలిసిపోయినప్పుడు: పవర్ డ్రైవర్ చిప్పుల పోలిక, ఎంపిక సలహా

అడాప్టర్లు, ఛార్జర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు రూపొందించేవారు వాటిలోని విద్యుత్ సరఫరాను నియంత్రించే చిప్పును ఎంచుకునేటప్పుడు ముందుగా చూసేది డేటాషీటు (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) మొదటి పేజీని. ఓవర్‌లోడ్ రక్షణ, ఓవర్‌వోల్టేజ్ రక్షణ, వేడి పెరిగితే ఆగిపోయే రక్షణ అంటూ అక్కడ ఒక వరుస ఉంటుంది. ఆ వరుస ఇప్పుడు దాదాపు అన్ని చిప్పులకూ ఒకేలా ఉండడంతో చివరికి ధరను బట్టి నిర్ణయం జరిగిపోతుంది. కానీ భద్రతా పరీక్షలో చిప్పు పక్క పక్క పిన్నులను తీగతో కలిపి కరెంటు ఇచ్చినప్పుడు, ఒకే వరుస ఉన్న రెండు చిప్పుల్లో ఒకటి చప్పుడు లేకుండా ఆగిపోతుంది, రెండోది మాస్‌ఫెట్‌నూ (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్ స్విచ్చును) ఫ్యూజునూ వెంట తీసుకుని పగిలిపోతుంది. ఈ రక్షణల్లో చాలావరకు బయటి పరిస్థితిని ఏదో ఒక పిన్ను ద్వారానే గమనిస్తాయి కాబట్టి, ఆ పిన్నే షార్టయినప్పుడు ఆ రక్షణ కాగితం మీద తప్ప బోర్డు మీద ఉండదు. అందువల్ల ఎంపికలో మొదట చూడవలసింది రక్షణల జాబితాను కాదు, పిన్నుల వరుసను అని నా అభిప్రాయం. ఈ వ్యాసం 230 వోల్టుల ఏసీ నుంచి పనిచేసే చిన్న, మధ్యతరహా విద్యుత్ సరఫరాలకు పరిమితం.

పరీక్ష ఏమి అడుగుతుందో ముందుగా చెప్పుకోవాలి. అడాప్టర్లకు వర్తించే ఐఎస్/ఐఈసీ 62368-1 ప్రమాణం అనుబంధం బీలో ఒక్కొక్క లోపాన్ని విడివిడిగా కల్పించి చూడమంటుంది. సెమీకండక్టర్ పిన్నులను కలపడం, విడదీయడం అందులో భాగం. ఎల్‌ఈడీ డ్రైవర్ల భద్రతకు మన దేశంలో ఐఎస్ 15885 రెండో భాగం 13వ సెక్షను వర్తిస్తుంది. గృహోపకరణాలకు సంబంధించిన ఐఈసీ 60335-1 మాత్రం కొంచెం భిన్నమైన దారి పట్టింది. అందులోని 19.11.2 క్లాజు, ఇతర ఎలక్ట్రానిక్ భాగాల విషయంలో రెండు కాళ్లను (పిన్నులను) కలపమని చెబుతూనే, ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను ఆ నియమం నుంచి తప్పించి, చిప్పు పాడైతే దాని నుంచి వెలువడగల అన్ని సిగ్నళ్లనూ పరిగణించమంటుంది. దారులు వేరైనా కోరేది ఒకటే: మంట రాకూడదు, కరిగిన పదార్థం బయట పడకూడదు, ప్రైమరీకీ (మెయిన్స్ వైపు) సెకండరీకీ (అవుట్‌పుట్ వైపు) మధ్య ఇన్సులేషన్ చెడకూడదు, ముట్టుకోగల భాగాల్లోకి ప్రమాదకరమైన వోల్టేజీ రాకూడదు. సరఫరా మళ్లీ పనిచేయాలని ఎవరూ అడగరు. చిప్పు చనిపోవచ్చు, పక్కన ఉన్నవాటిని ఎంత దూరం లాక్కుపోయిందన్నదే ప్రశ్న.

మార్కెట్లో దొరికే చిప్పులను ఈ దృష్టితో మూడు రకాలుగా విడదీయవచ్చు. మొదటిది బయట మాస్‌ఫెట్ పెట్టుకునే కంట్రోలర్. రెండోది మాస్‌ఫెట్ లోపలే ఉండి, కరెంటును కొలిచే రెసిస్టర్ మాత్రం బయట ఉండే చిప్పు. మూడోది మాస్‌ఫెట్‌తో పాటు కరెంటు కొలత కూడా లోపలే జరిగిపోయే చిప్పు. లోపంలో వీటి ప్రవర్తన మధ్య తేడాకు ప్రధాన కారణం కరెంట్ సెన్స్ పిన్ను (మాస్‌ఫెట్ గుండా పారే కరెంటును గమనించే కాలు) ఉండడమా, లేకపోవడమా అన్నదే.

బయట మాస్‌ఫెట్ ఉండే కంట్రోలర్లు

ఈ రకానికి యూసీ3842 పాత ఉదాహరణే అయినా ఎనిమిది కాళ్ల వరుస అందరికీ తెలిసినది కనుక దానితోనే మొదలుపెడతాను. 1 కాంప్ (ప్రతి పల్సులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించేది), 2 ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్ వోల్టేజీ సమాచారం అందుకునేది), 3 కరెంట్ సెన్స్, 4 ఆసిలేటర్ (పల్సుల వేగాన్ని నిర్ణయించేది), 5 గ్రౌండ్, 6 అవుట్‌పుట్ (మాస్‌ఫెట్‌ను ఆన్, ఆఫ్ చేసే గేటుకు వెళ్లేది), 7 వీసీసీ (చిప్పుకు సరఫరా), 8 ఐదు వోల్టుల రిఫరెన్స్.

ఒకటో, రెండో కాళ్లు కలిస్తే ఏమవుతుందన్నది చిప్పు ఒక్కటే నిర్ణయించే విషయం కాదు. చాలామంది డిజైనర్లు లోపలి ఎర్రర్ ఆంప్లిఫయర్‌ను (అవుట్‌పుట్ ఎంత తప్పిందో కొలిచే భాగాన్ని) వాడకుండా రెండో కాలును గ్రౌండుకు కట్టి, ఆప్టోకప్లర్‌తో (వెలుగు ద్వారా సంకేతాన్ని దాటించే భాగంతో) కాంప్ పిన్నును కిందికి లాగుతారు. అలాంటి బోర్డులో ఈ షార్ట్ కాంప్‌ను గ్రౌండు చేస్తుంది కాబట్టి పల్సులు ఆగిపోతాయి, ప్రమాదమేమీ ఉండదు. ఎర్రర్ ఆంప్లిఫయర్‌ను వాడిన బోర్డులో మాత్రం అదే షార్ట్ కాంప్‌ను దాదాపు 2.5 వోల్టుల దగ్గర నిలబెడుతుంది. అప్పుడు ప్రతి పల్సులోనూ ఒకే పీక్ కరెంటు పారుతుంది, లోడు తక్కువగా ఉంటే అవుట్‌పుట్ వోల్టేజీ అదుపు తప్పి పెరుగుతుంది.

రెండో, మూడో కాళ్ల షార్ట్ ఇంతకంటే గంభీరమైనది. రెండో కాలు గ్రౌండుకు కట్టిన బోర్డులో ఈ షార్ట్ కరెంట్ సెన్స్ పిన్నును కూడా గ్రౌండు చేస్తుంది. ఒక వోల్టు దాటితే పల్సును ఆపవలసిన కంపారేటర్‌కు ఎప్పుడూ సున్నానే కనిపిస్తుంది. యూసీ3842లో డ్యూటీ (ప్రతి సైకిల్లో మాస్‌ఫెట్ ఆన్‌లో ఉండే వంతు) దాదాపు నూరు శాతం దాకా పోగలదు. 3844లో అది సగానికి పరిమితమైనా ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడడానికి అది చాలదు. 230 వోల్టుల ఏసీకి డీసీ బస్సు (ఏసీని డీసీగా మార్చాక వచ్చే హెచ్చు వోల్టేజీ లైను) 325 వోల్టులు. ప్రైమరీ ఇండక్టెన్స్ 600 మైక్రోహెన్రీలు అనుకుంటే కరెంటు మైక్రోసెకనుకు అర ఆంపియరుకు పైగా పెరుగుతుంది. రెండు ఆంపియర్ల దగ్గర శాచురేట్ అయ్యే (అయస్కాంత సామర్థ్యం నిండిపోయి కరెంటును ఇక అడ్డుకోలేని) కోరు నాలుగు మైక్రోసెకన్లలోనే ఆ స్థితికి చేరుకుంటుంది. ఆ తరువాత కరెంటును అడ్డుకునేవి వైండింగ్ రెసిస్టెన్సు, సెన్స్ రెసిస్టరు మాత్రమే.

ఆరో, ఏడో కాళ్ల షార్ట్, అంటే అవుట్‌పుట్ వీసీసీకి తగలడం, ఈ చిప్పులో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన జంట. దీని ఫలితం షార్ట్‌ను ఎప్పుడు పెట్టామన్నదాన్ని బట్టి మారుతుంది. కరెంటు ఇవ్వకముందే కలిపి ఉంచితే, చిప్పు ఇంకా మేలుకోని స్థితిలో అవుట్‌పుట్‌ను కిందికి లాగి ఉంచుతుంది. స్టార్టప్ రెసిస్టర్ ఇచ్చే ఒక మిల్లీఆంపియరు లోపు కరెంటు దానిని గెలవలేదు. వీసీసీ పైకి లేవదు, సరఫరా మొదలే కాదు. నడుస్తున్నప్పుడు కలిపితే కథ వేరు. పల్సును ఆపమని కంపారేటర్ చెప్పగానే చిప్పు గేటును కిందికి లాగబోతుంది, కానీ గేటుకు ఇప్పుడు వీసీసీ కెపాసిటర్ అంతా జతపడి ఉంది. 47 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 15 వోల్టుల నుంచి 10 వోల్టులకు దించడానికి ఒక ఆంపియరు చొప్పున లాగినా సుమారు 235 మైక్రోసెకన్లు పడుతుంది. 65 కిలోహెర్ట్జ్ దగ్గర అది పదిహేను సైకిళ్ల కాలం; అంతసేపూ మాస్‌ఫెట్ ఆన్‌లోనే ఉంటుంది, కోరు శాచురేట్ కావడానికి నాలుగు మైక్రోసెకన్లు చాలునని పైన చూశాం. కాబట్టి కరెంటు ఇవ్వకముందు మాత్రమే షార్ట్ పెట్టి చూసి ఈ జంట సురక్షితమని రాసుకున్న నివేదికను నమ్మకూడదు.

తక్కిన జంటలను త్వరగా ముగించవచ్చు. గ్రౌండ్, అవుట్‌పుట్ కలిస్తే గేటుకు పల్సు చేరదు. డ్రైవర్ మెట్టు వేడెక్కి చిప్పు పోవచ్చు, అంతకు మించి జరగదు. మూడో, నాలుగో కాళ్లు కలిస్తే సెన్స్ వైపు ఉండే ఒక కిలోఓము ఫిల్టర్ రెసిస్టర్ ఆసిలేటర్ కెపాసిటర్‌ను నిండనివ్వదు కాబట్టి ఆసిలేటర్ సాధారణంగా ఆగిపోతుంది. ఏడో, ఎనిమిదో కాళ్లు కలిసినప్పుడు రిఫరెన్స్ మీద ఆధారపడిన భాగాలన్నిటికీ వీసీసీ తగులుతుంది కనుక, రిఫరెన్స్ నుంచి మైక్రోకంట్రోలర్‌కో మరో భాగానికో సరఫరా ఇచ్చిన బోర్డుల్లో ఆ భాగం గతి ఏమిటో కూడా చూసుకోవాలి.

ఆరు కాళ్ల చిన్న ప్యాకేజీలో వచ్చే కొత్త కంట్రోలర్లు ఈ వరుసను కొంత మెరుగుపరిచాయి. ఓబీ2263, ఎన్‌సీపీ1251 వంటివాటిలో ఒకవైపు గ్రౌండ్, ఫీడ్‌బ్యాక్, సెట్టింగ్ పిన్ను ఉంటాయి. రెండోవైపు కరెంట్ సెన్స్, వీసీసీ, గేటు ఉంటాయి. గ్రౌండూ ఫీడ్‌బ్యాక్ కలిస్తే పల్సులు ఆగుతాయి. సెన్స్, వీసీసీ కలిస్తే కంపారేటర్ వెంటనే ఆపేస్తుంది. తక్కువ వోల్టేజీకి మాత్రమే తట్టుకునే సెన్స్ పిన్ను దెబ్బతినవచ్చు, కానీ చిప్పు ఆగే దిశలోనే పోతుంది. సెన్స్ పక్కన గ్రౌండ్ లేకపోవడం పెద్ద మేలు. వీసీసీ, గేటు పక్కపక్కనే ఉండడం మాత్రం ఇక్కడా తప్పలేదు.

అయితే ఆ మేలును చూసి సంతృప్తి పడకూడదు. సెన్స్ పిన్నుకూ గ్రౌండుకూ మధ్య శబ్దాన్ని వడకట్టడానికి చిన్న కెపాసిటర్ పెట్టడం అలవాటు. పరీక్షలో పిన్నులతో పాటు కెపాసిటర్లను కూడా షార్ట్ చేస్తారు కనుక, పిన్నుల వరుస తప్పించిన లోపాన్ని ఆ కెపాసిటరే తిరిగి తెస్తుంది. అందువల్ల ఈ రకాన్ని ఎంచుకునేవారు డేటాషీటులో వెతకవలసిన ముఖ్యమైన అంశం కరెంట్ సెన్స్ షార్ట్‌ను చిప్పే గుర్తించగలదా అన్నది. గేటు ఆన్ అయిన కొద్దిసేపటికి సెన్స్ వోల్టేజీ పెరగకపోతే పల్సును ఆపే ఏర్పాటు కొన్ని కొత్త కంట్రోలర్లలో ఉంది. సెకండరీ డయోడ్ షార్ట్‌ను పట్టుకునే రెండో స్థాయి పరిమితిని దీనితో పొరబడకూడదు. అది కూడా అదే సెన్స్ పిన్ను ద్వారా చూస్తుంది కాబట్టి, ఆ పిన్ను గ్రౌండయితే మొదటి స్థాయితో పాటు అదీ గుడ్డిదవుతుంది. సెన్స్ పిన్ను ఊడిపోయినప్పుడు లోపలి నుంచి చిన్న పుల్‌అప్ కరెంటు దానిని పైకి లేపి పల్సులను ఆపుతుందా అన్నది కూడా చూడవలసినదే.

ఈ రకంలో మాస్‌ఫెట్ పోయిన తరువాత జరిగే పరిణామాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. డ్రెయిన్, సోర్స్ (కరెంటు లోపలికి వచ్చే, బయటికి పోయే కాళ్లు), గేటు మూడూ కలిసిపోయిన మాస్‌ఫెట్ గుండా బస్సు కరెంటు సెన్స్ రెసిస్టర్‌లోకి పారుతుంది. ఫ్యూజు కంటే ముందుగా సెన్స్ రెసిస్టర్ తెగితే సోర్స్ 325 వోల్టులకు ఎగురుతుంది. ఆ వోల్టేజీ గేటు రెసిస్టర్ ద్వారా, ఫిల్టర్ రెసిస్టర్ ద్వారా కంట్రోలర్‌లోకి దూరుతుంది. చిప్పు పగిలి ముక్కలు ఎగరడం తరచుగా ఈ రెండో అంకంలోనే జరుగుతుంది. ఫ్యూజును దగ్గరి రేటింగులో ఎంచుకోవడం, మంట అంటుకోని రకం సెన్స్ రెసిస్టర్ వాడడం ఈ దశను చాలావరకు తేలిక చేస్తాయి. ఐఈసీ 60335-1 ప్రకారం పరీక్షించే ఉపకరణాల్లో భద్రత చిన్న ఫ్యూజు మీద ఆధారపడితే దాని స్థానంలో ఆమ్మీటర్ పెట్టి పరీక్షను మళ్లీ చేస్తారు కనుక, ఫ్యూజు ఉందిలే అన్న ధీమాకు కూడా హద్దు ఉంది.

మాస్‌ఫెట్ లోపల, సెన్స్ రెసిస్టర్ బయట

చవకైన ఛార్జర్లలోనూ, ఎల్‌ఈడీ బల్బులలోనూ కనిపించేది ఎక్కువగా ఈ రెండో రకమే. గేటు లోపలే ఉండిపోయింది కాబట్టి గేటు, వీసీసీ షార్ట్ అనే పెద్ద తలనొప్పి ఇందులో లేదు. దాని స్థానంలో మరొకటి వచ్చింది: ఎనిమిది కాళ్ల చిన్న ప్యాకేజీలో 325 వోల్టుల డ్రెయిన్ పిన్ను, దాని పక్కనే ఒక వోల్టు కూడా దాటని సెన్స్ పిన్ను. ఈ రెండూ పొరుగువారైతే ఆ షార్ట్ మాస్‌ఫెట్‌ను పూర్తిగా తప్పించి బస్సును ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా సెన్స్ రెసిస్టర్‌కు కలుపుతుంది. చిప్పు ఎంత తెలివైనదైనా అక్కడ చేయగలిగింది ఏమీ లేదు.

ఐసొలేషన్ లేని (మెయిన్స్ నుంచి వేరు చేసే ట్రాన్స్‌ఫార్మర్ లేని) బక్ రకం, అంటే వోల్టేజీని తగ్గించే రకం ఎల్‌ఈడీ బల్బులో ఈ లోపాన్ని లెక్కవేసి చూడడం ఉపయోగకరం. బస్సు 325 వోల్టులు, ఎల్‌ఈడీ వరుస సుమారు 100 వోల్టులు, ఇండక్టర్ 2.5 మిల్లీహెన్రీలు అనుకుందాం. మిగిలిన 225 వోల్టులు ఇండక్టర్ మీద నిలిచి మైక్రోసెకనుకు 0.09 ఆంపియరు చొప్పున కరెంటును పెంచుతాయి. కొన్ని మైక్రోసెకన్లలో ఇండక్టర్ శాచురేట్ అవుతుంది, ఆపైన ఎల్‌ఈడీలు, సెన్స్ రెసిస్టర్, ఇన్‌పుట్‌లోని ఫ్యూజిబుల్ రెసిస్టర్ (కరెంటు మితిమీరితే ఫ్యూజులా తెగే రెసిస్టర్) మాత్రమే మిగులుతాయి. వీటిలో ఏది ముందుగా తెగుతుందన్నదే పరీక్ష ఫలితం. సాధారణ కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్‌ను ఫ్యూజు స్థానంలో పెట్టి కొన్ని పైసలు మిగుల్చుకున్న బల్బు, లోపం వచ్చినప్పుడు ఆ రెసిస్టర్ పైపూతనే మండిస్తుంది. ఇక్కడ ఫ్యూజిబుల్ రెసిస్టర్ నాణ్యత చిప్పు ఎంపికతో సమానంగా ముఖ్యం.

కనుక ఈ రకంలో ఎంచుకునేటప్పుడు డ్రెయిన్‌కూ మిగతా పిన్నులకూ మధ్య ఒక కాలును తొలగించిన ఏడు కాళ్ల ప్యాకేజీకి, లేదా డ్రెయిన్ పిన్నులన్నీ ఒక వైపు, తక్కువ వోల్టేజీ పిన్నులన్నీ రెండో వైపు ఉన్న ప్యాకేజీకి ప్రాధాన్యం ఇవ్వాలి. డ్రెయిన్, సెన్స్ పక్కపక్కనే ఉన్న చిప్పు తప్పనిసరైతే ఆ జంటను మొదటి రోజే పరీక్షించుకోవడం మంచిది. అచ్చు పోసిన పెట్టెలు, ప్యాకింగ్ అన్నీ సిద్ధమైన తరువాత కాదు.

కొలత కూడా లోపలే

మూడో రకానికి పవర్ ఇంటిగ్రేషన్స్ వారి టైనీస్విచ్-3 చక్కని ఉదాహరణ. 700 వోల్టుల మాస్‌ఫెట్ లోపలే ఉంటుంది, కరెంటు కొలత కూడా దాని మీదే జరుగుతుంది. బయట ఉండేవి ఎనేబుల్ (ఫీడ్‌బ్యాక్ అందుకునేది), బైపాస్ (చిప్పు సరఫరా కెపాసిటర్ తగిలేది), డ్రెయిన్, సోర్స్ మాత్రమే. ఎనిమిది కాళ్ల చోట మూడో కాలు అసలు ఉండదు; ఆ ఖాళీ వల్ల నాలుగో కాలైన డ్రెయిన్ బైపాస్ పిన్నుకు దూరంగా ఉంటుంది. 5 నుంచి 8 వరకు నాలుగూ సోర్సే కాబట్టి ఆ వైపు ఏ రెండు కాళ్లు కలిసినా ఏమీ మారదు.

మిగిలినవి చాలా తక్కువ. ఎనేబుల్ సోర్సుకు తగిలితే స్విచింగ్ ఆగిపోతుంది. బైపాస్ సోర్సుకు తగిలితే చిప్పుకు సరఫరా ఉండదు. డ్రెయిన్ నుంచి తీసుకునే చిన్న ఛార్జింగ్ కరెంటు వల్ల చిప్పు కొంత వేడెక్కుతుంది, అంతే. ఎనేబుల్, బైపాస్ కలిసిపోతే ఫీడ్‌బ్యాక్ లెక్క తప్పుతుంది కానీ, 64 మిల్లీసెకన్ల పాటు ఫీడ్‌బ్యాక్ రాకపోతే సుమారు 2.5 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నించే ఆటో రీస్టార్ట్ సగటు శక్తిని బాగా తగ్గిస్తుంది. కరెంటు పరిమితిని పోగొట్టే షార్ట్ ఏదీ పక్క పిన్నుల మధ్య లేకపోవడమే ఈ రకానికి అసలు బలం. ఎస్టీ కంపెనీ వైపర్ వరుసలోని పది కాళ్ల ప్యాకేజీ చిప్పుల్లోనూ డ్రెయిన్ కాళ్లన్నీ ఒక పక్కకు చేర్చి ఉంటాయి.

ఇంత చెప్పినా ఈ రకం అన్ని చోట్లా సరిపోదు. వేడి అంతా ఒకే ముక్కలో పుడుతుంది కాబట్టి శక్తి పెరిగేకొద్దీ ఇబ్బంది మొదలవుతుంది. మాస్‌ఫెట్ వోల్టేజీ రేటింగును మనం పెంచుకోలేం. గ్రామీణ ఫీడర్ల మీద వచ్చే హెచ్చు వోల్టేజీకి 800 వోల్టుల మాస్‌ఫెట్ కావాలనుకుంటే ఆ రేటింగు ఉన్న వరుసనే వెతుక్కోవాలి. ధర ఎక్కువ, ఒకే తయారీదారు మీద ఆధారపడడం కూడా తప్పదు.

ఇక అవుట్‌పుట్ వైపు. ఆప్టోకప్లర్ పిన్ను విడిపోయినా, ఫీడ్‌బ్యాక్ తెగినా మూడు రకాల్లోనూ చిప్పు పూర్తి శక్తిని పంపడం మొదలుపెడుతుంది. దీనిని సాధారణంగా పట్టుకునేది ట్రాన్స్‌ఫార్మర్‌లోని సహాయక వైండింగ్ నుంచి వచ్చే వీసీసీ మీది ఓవర్‌వోల్టేజ్ రక్షణ. మామూలుగా 15 వోల్టులున్న వీసీసీ 25 వోల్టులకు చేరాక చిప్పు ఆగుతుందనుకుంటే, అదే నిష్పత్తిలో 12 వోల్టుల అవుట్‌పుట్ అప్పటికి 20 వోల్టులకు చేరుకుని ఉంటుంది. అక్కడ 16 వోల్టుల కెపాసిటర్ పెట్టిన బోర్డులో రక్షణ పనిచేసినా కెపాసిటర్ ఉబ్బుతుంది. అందుచేత రక్షణ ఉందా అని కాక, ఎన్ని వోల్టుల దగ్గర ఉందో చూసి టర్నుల నిష్పత్తిని, కెపాసిటర్‌ను నిర్ణయించుకోవాలి.

లోపం గుర్తించాక చిప్పు శాశ్వతంగా ఆగిపోవాలా, మళ్లీ మళ్లీ ప్రయత్నించాలా అన్నది మరో ఎంపిక. శాశ్వతంగా ఆగే లాచ్ రకంలో బోర్డు చల్లగా ఉంటుంది, కానీ ప్లగ్గు తీసి పెట్టేదాకా పనిచేయదు. ఆటో రీస్టార్ట్ వాడకందారుకు సౌకర్యం. అయితే ఉష్ణోగ్రతలు స్థిరపడేదాకా పరీక్షను గంటల తరబడి నడిపితే స్నబ్బర్ రెసిస్టరూ (స్విచింగ్‌లో ఎగసే వోల్టేజీని మింగే రెసిస్టర్), సెకండరీ డయోడూ ఎంత వేడెక్కుతాయో కొలిచి చూడాలి. హై వోల్టేజ్ స్టార్టప్ పిన్ను ఉన్న చిప్పుల్లో వీసీసీ గ్రౌండయిన లోపం కూడా ఇలాంటిదే. 264 వోల్టుల ఏసీకి బస్సు 373 వోల్టులు. నాలుగు మిల్లీఆంపియర్ల స్టార్టప్ కరెంటు ఆగకుండా పారితే చిప్పులో దాదాపు ఒకటిన్నర వాట్ల వేడి పుడుతుంది. ఎన్‌సీపీ1271 వంటి చిప్పుల్లో వీసీసీ బాగా తక్కువగా ఉన్నప్పుడు ఆ కరెంటును 200 మైక్రోఆంపియర్లకు తగ్గిస్తారు, అప్పుడది వాటులో పదోవంతు కూడా ఉండదు.

నా సలహా ఇది. పాతిక, ముప్ఫై వాట్ల లోపు ఐసొలేషన్ ఉన్న అడాప్టరుకు, ముఖ్యంగా మనిషి కాపలా లేకుండా రాత్రింబవళ్లు గోడకు తగిలి ఉండే రౌటరు, సీసీ కెమెరా సరఫరాలకు, ధర కొంచెం ఎక్కువైనా మూడో రకమే తీసుకోండి. అంతకు మించిన శక్తికి చాలావరకు మొదటి రకమే వాడవలసి వస్తుంది. అప్పుడు సెన్స్ షార్ట్‌ను గుర్తించగల ఆరు కాళ్ల కంట్రోలర్‌ను ఎంచుకుని, వీసీసీ కెపాసిటర్‌ను అవసరానికి మించి పెద్దది చేయకుండా, గేటు, వీసీసీ ప్యాడ్ల మధ్య సోల్డర్ మాస్కు చెదరకుండా చూసుకోవాలి. ఎల్‌ఈడీ బల్బుకు ధర రీత్యా రెండో రకమే దిక్కు కాబట్టి, డ్రెయిన్ పక్కన కాలు తొలగించిన ప్యాకేజీనీ, నిజమైన ఫ్యూజిబుల్ రెసిస్టర్‌నూ విడదీయకుండా కలిపి కొనండి.

సొంతంగా పరీక్షించేవారు ప్రతి జంటను కరెంటు ఇవ్వకముందు ఒకసారి, నడుస్తుండగా ఒకసారి, పూర్తి లోడుతోనూ లోడు లేకుండానూ, గరిష్ఠ ఇన్‌పుట్ వోల్టేజీ దగ్గర చూడాలి. నడుస్తుండగా కలిపే తీగను చేత్తో పట్టుకోకూడదు. రిలే ద్వారా, పాలికార్బనేట్ అడ్డు వెనుక నుంచి కలపాలి, మంట వస్తే తెలిసేలా బోర్డును పలుచని టిష్యూ కాగితంతో చుట్టాలి. వీసీసీ, డ్రెయిన్ కరెంటు రెండూ ఆసిలోస్కోపు మీద నమోదైతేనే ఏది ముందు పోయిందో తెలుస్తుంది.

సరిగ్గా అవే పిన్నులతో వచ్చే మరో కంపెనీ చిప్పును ఉత్పత్తి మధ్యలో మార్చడం మన తయారీదారుల్లో మామూలే. మామూలు పనిలో రెండూ ఒకేలా నడుస్తాయి. కానీ సెన్స్ పిన్ను తెగినప్పుడు పైకి లాగే లోపలి కరెంటు, వీసీసీ ఓవర్‌వోల్టేజ్ స్థాయి, లోపం తరువాత మళ్లీ మొదలయ్యే వ్యవధి ఒక కంపెనీకీ మరో కంపెనీకీ తేడాగా ఉండవచ్చు. అందుకని ప్రత్యామ్నాయ చిప్పును మొదటి నుంచే ఎంచుకుని, రెండింటితోనూ లోప పరీక్షలు చేయించి, రెండు పేర్లనూ నివేదికలోని కీలక భాగాల జాబితాలో రాయించుకోవాలి. తరువాత కలిపే మూడో చిప్పుకు గేటు, సెన్స్, డ్రెయిన్ పిన్నుల జంటలనైనా మళ్లీ పరీక్షించకుండా లైనులోకి దించకూడదు.